పాతికేళ్లకే కీళ్లవాతానికి ఇంజెక్షన్లా? మొదలుపెట్టాలా, ఆగాలా?

ముగ్గులపిల్ల
వయసు 25. హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. రెండేళ్ల కిందట కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) అని తేలింది. ఈ జబ్బును పట్టిచ్చే రక్తపరీక్షలు ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్. వారానికోసారి 20 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజైన్ వాడుతున్నాను. నొప్పి ఎక్కువైనప్పుడల్లా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర. అయినా ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ దిగిరావడం లేదు. మొన్న డాక్టరు గారు కీళ్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూసి జబ్బు తీవ్రతను కొలిచే డాస్28 స్కోరు 5.4 అని, అది ఎక్కువేనని చెప్పారు. కుడిచేతి ఎక్స్‌రేలో చూపుడువేలి మొదట్లో ఎముక అంచు అరిగి గుంట పడింది. ఇక అడాలిముమాబ్ ఇంజెక్షన్లు గానీ టోఫాసిటినిబ్ మాత్రలు గానీ మొదలుపెట్టాలి, ఇంట్లో మాట్లాడుకుని రమ్మన్నారు.

మాట్లాడాం. అమ్మ ఏడుపు, నాన్న మౌనం. మేనత్త మాత్రం "ఇప్పుడే ఇంత పెద్ద మందులు వాడితే నలభై ఏళ్లకు ఏం వాడుతుంది?" అని తేల్చేసింది. పైగా నాకు సంబంధాలు చూస్తున్నారు. ఫ్రిజ్‌లో సూదులు కనిపిస్తే ఎవరు చేసుకుంటారని ఇంకో బెంగ. నెట్‌లో చూస్తే క్షయ, క్యాన్సర్, గుండెపోటు అని భయపెట్టేస్తున్నారు. ప్రెడ్నిసొలోన్ వేసుకుంటే మర్నాడే హాయిగా బోర్డు మీద రాయగలను. అదే చిన్న మోతాదులో కొనసాగిస్తే సరిపోదా? ఈ వయసులో మొదలుపెట్టినవాళ్లుంటే చెప్పండి. ధైర్యం చెప్పనక్కర్లేదు, జరిగింది చెప్పండి చాలు.

కాకినాడ_కాజా
28, మగవాణ్ణి. "ఇది ఆడవాళ్ల జబ్బు కదా, నీకెలా వచ్చింది?" అనేవాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. దవడ కూడా కీలే కదా. టోఫాసిటినిబ్ మీద ఉన్నాను, ఏడాది దాటింది. మొదలుపెట్టినందుకు సంతోషంగానే ఉన్నాను, అలాగని పూలపాన్పేమీ కాదు. ఆఫీసులో ఉన్నాను, రాత్రికి వివరంగా రాస్తాను.

సందేహాల_సుబ్బు
అమ్మాయీ, తొందరపడకు. మా ఆవిడకు పదేళ్లుగా ఇదే జబ్బు. మెథోట్రెక్సేట్ అసలు క్యాన్సర్ మందు, అది తెలుసా? దాని మీద ఇంకో ఇంజెక్షనా? చింతపండు, వంకాయ, పెరుగు మానేసి, ఉదయాన్నే శొంఠి కషాయం తాగిస్తే మా ఇంట్లో నొప్పి సగానికి సగం తగ్గింది. ఒళ్లు చెప్పేది వినకుండా రిపోర్టులు చెప్పేది వింటే ఇంతే.

మందులషాపు_మామ
సుబ్బు గారూ, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్‌ను ఒక్కోసారి గ్రాముల్లో ఎక్కిస్తారు. కీళ్లవాతానికి ఇచ్చేది వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. పేరు ఒకటే కానీ పని వేరు.

అసలు భయపడాల్సింది ఇంకొకటుంది. ఇది వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర. మా ఊళ్లో ఒక పెద్దావిడ చీటీ సరిగా అర్థంకాక రోజూ వేసుకుంది. నోరంతా పుండ్లు, తెల్లకణాలు పడిపోయి ఆసుపత్రి పాలైంది. అందుకే నేను మందు పొట్లం మీద వారం పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాసి ఇస్తాను. ఇది చదువుతున్నవాళ్లు మీ ఇంట్లో పెద్దవాళ్ల మాత్రల డబ్బా ఒకసారి చూడండి.

గోదారిగట్టు
ముగ్గులపిల్లా, నాకిప్పుడు 31. మీ వయసులోనే అడాలిముమాబ్ మొదలుపెట్టాను. ముందు ప్రెడ్నిసొలోన్ సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్న మొత్తంలో నన్ను భయపెట్టింది అదే. అది అలవాటైనంత సులువుగా వదలదు. ఏళ్ల తరబడి లాగిస్తే ఎముకలు గుల్లబారతాయి, చక్కెర పెరుగుతుంది, కంట్లో శుక్లాలు వస్తాయి, ముఖం ఉబ్బుతుంది. ఇన్ఫెక్షన్ల ముప్పు దానికీ ఉంది, కానీ మనకు చవగ్గా దొరుకుతుంది కాబట్టి ఎవరూ ఏడవరు. కొత్త మందు పట్టుకునేదాకా కొన్ని వారాలు ఆధారంగా వాడి మెల్లగా తగ్గించేయాలని మా డాక్టరు మొదటిరోజే చెప్పారు. ఉన్నపళంగా మాత్రం ఆపకూడదు.

ఇక ఇంజెక్షన్. ముందు నాకెవరూ చెప్పలేదు కాబట్టి చూసినట్టు చెబుతాను. రెండు వారాలకు ఒకటి, 40 మిల్లీగ్రాములు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. వేసుకునే ముందు తీసి అరగంట బయట ఉంచాలి, చల్లగా ఉన్నది లోపలికి వెళ్తే మంట ఎక్కువ. త్వరగా వెచ్చబడుతుందని ఎండలోనో వేడినీళ్లలోనో పెట్టకూడదు. సిరంజిని వెలుతురుకు ఎత్తి చూడాలి. మందు తేటగా ఉండాలి, తునకలు తేలుతుంటే వాడకూడదు. పొట్ట మీద బొడ్డుకు కాస్త ఎడంగా గానీ, తొడ ముందువైపు గానీ. స్పిరిట్ తడి పూర్తిగా ఆరాలి, లేకపోతే సూదితో పాటు అదీ చురుక్కుమంటుంది. చర్మాన్ని రెండు వేళ్లతో పైకి పట్టి, సూది దించి, నిదానంగా నొక్కాలి. మొదట్లో నా వేళ్లకు ఆ పిస్టన్ నొక్కే బలం కూడా లేదు, అందుకని మా తమ్ముడు నొక్కేవాడు. ఇప్పుడు నేనే టీవీ చూస్తూ వేసుకుంటాను. వేసినచోట ఒకటి రెండు రోజులు ఎర్రగా దద్దు ఉంటుంది, దురద. తర్వాతిసారి చోటు మార్చాలి.

గుణం వెంటనే కనిపించలేదు. నెల తిరిగాక ఒకరోజు జడ వేసుకుంటుంటే సగంలో గుర్తొచ్చింది, చేతులు పైకెత్తి ఉన్నాయని.

ముగ్గులపిల్ల
అక్కా, జడ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నాకు ఇప్పుడు జడ అమ్మే వేస్తోంది.

కాకినాడ_కాజా
నాకు జడ లేదు కాబట్టి నా కథ వేరు. చొక్కా గుండీలు.

రాత్రి రాస్తానన్నాను కదా. టోఫాసిటినిబ్ 5 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. సూది లేదు, ఫ్రిజ్ గొడవ లేదు, ఊళ్లు తిరిగే ఉద్యోగానికి ఇదే అనుకూలమని ఎంచుకున్నాను. మన దగ్గర జనరిక్‌లు వచ్చాక ఖర్చు కూడా ఇంజెక్షన్ల కంటే బాగా తక్కువ. రెండో వారానికే తేడా తెలిసింది. ఇక చెడు కూడా చెప్పాలి. ఎండాకాలంలో నడుము ఒక పక్కగా సర్పి లేచింది. ఆ మంట పగవాడికి కూడా వద్దు. మందు కొన్నాళ్లు ఆపి, వైరస్ మందు వాడి, పుండ్లు మానాక మళ్లీ మొదలుపెట్టారు. కొలెస్టరాల్ కొంచెం పెరిగింది. మొదట నెలన్నరకు, తర్వాత మూడు నెలలకోసారి రక్తపరీక్షలు. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చినవాళ్లందరి ఒంట్లోనూ ఆ వైరస్ దాక్కునే ఉంటుందట, సందు దొరికితే సర్పిగా లేస్తుంది. డాక్టరును ముందే టీకా గురించి అడగండి.

పీజీ_గది
జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. రుమటాలజిస్టును కాను, మీ డాక్టరు మాటే చివరిది. గుండెపోటు, క్యాన్సర్ భయం గురించి కొంచెం. 2021 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ టోఫాసిటినిబ్, ఆ కుటుంబపు మందుల మీద హెచ్చరిక కఠినం చేసింది. దానికి ఆధారమైన అధ్యయనంలో తీసుకున్నది 50 ఏళ్లు, ఆ పైన ఉండి, గుండె జబ్బుకు దారితీసే కారణం కనీసం ఒకటైనా ఉన్నవాళ్లను. సిగరెట్లు కాల్చే 60 ఏళ్లాయనకు వచ్చిన లెక్కను పాతికేళ్ల అమ్మాయికి అలాగే అంటగట్టలేం. అలాగని ముప్పు సున్నా అనీ కాదు. ఇంట్లో ఎవరికైనా కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా, మీరు గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా డాక్టరుకు తప్పక చెప్పాలి.

అడాలిముమాబ్‌తో మన దేశంలో అసలు చూసుకోవాల్సింది క్షయ. మనలో చాలామంది ఒంట్లో ఆ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. ఈ మందు అడ్డుకునే టీఎన్‌ఎఫ్ అనే పదార్థమే దాన్ని కట్టడి చేస్తుంది. కాబట్టి ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ క్రిమిని పట్టే పరీక్షల్లో మాంటూ గానీ క్వాంటిఫెరాన్ గానీ చేయించాలి. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ కూడా చూస్తారు. ఇవేవీ చేయకుండా సూది పొడుస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇంకో మాట. ఎముక అరుగుదల చాలామందిలో మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది, పోయిన ఎముక తిరిగి రాదు. మందు మొదలుపెట్టాక మూడు నెలలకు చెప్పుకోదగ్గ మార్పు లేకపోయినా, ఆరు నెలలకు అనుకున్న స్థితికి రాకపోయినా మందు మార్చాలన్నది ఇప్పుడు ప్రపంచమంతటా పాటిస్తున్న పద్ధతి. మీకు రెండేళ్లయింది. ఆలస్యమైందనే అంటాను.

సందేహాల_సుబ్బు
డాక్టరు కాబోయేవారు డాక్టరు మాటే చెబుతారు, అందులో వింతేముంది? రేపు ఈ అమ్మాయికి పిల్లలు పుట్టకపోతే మీ ప్రపంచ పద్ధతి వచ్చి సమాధానం చెబుతుందా?

థేమ్స్_తీరం
సుబ్బు గారు అడిగిన తీరు నచ్చలేదు కానీ ప్రశ్న సరైనదే. నాది తెనాలి, పన్నెండేళ్లుగా ఇంగ్లండులో ఉన్నాను. నాకు 24లో ఎటనర్సెప్ట్ మొదలుపెట్టారు, అదీ అడాలిముమాబ్‌లా టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షనే. ఇప్పుడు మా పాపకు మూడేళ్లు.

గర్భం దగ్గర అసలు ప్రమాదం ఇప్పుడు మీరు వాడుతున్న మెథోట్రెక్సేట్‌తోనే, రాబోయే ఇంజెక్షన్‌తో కాదు. అది బిడ్డకు హాని చేస్తుంది, అందుకని పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందే ఆపేయాలి. నన్ను మూడు నెలల ముందు ఆపమన్నారు. కీళ్లవాతానికే వాడే లెఫ్లునమైడ్ అయితే ఒంట్లో చాలాకాలం ఉండిపోతుంది, దాన్ని కడిగేయడానికి వేరే మందు ఇస్తారు. టోఫాసిటినిబ్ కూడా గర్భంలో వాడరు. అదే అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్ వంటివి గర్భంలోనూ వాడే వీలుంది. ఆ జాతిదే సెర్టోలిజుమాబ్ అనేది మాయ దాటి బిడ్డకు చేరడం చాలా తక్కువని నన్ను దానికి మార్చారు. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజైన్ కొనసాగించవచ్చు. చివరి నెలల్లో అడాలిముమాబ్ వంటిది వాడితే పుట్టిన బిడ్డకు బీసీజీ లాంటి బతికున్న క్రిమితో చేసిన టీకాలు ఆరు నెలలు ఆపమంటారు. మన దేశంలో బీసీజీ పుట్టగానే వేసేస్తారు కాబట్టి కాన్పు చేసే డాక్టరుకు ఇది ముందే చెప్పి ఉంచాలి.

అంటే, రాబోయే ఏడాది రెండేళ్లలో పెళ్లి అనుకుంటే మాత్రల కంటే ఇంజెక్షనే మీకు అనువు. పెద్దవాళ్ల బెంగే ఇక్కడ ఇంజెక్షన్ వైపు మొగ్గుతోంది, ఆ సంగతి మీ మేనత్త గారికి చెప్పండి.

ఇక్కడ ఒకప్పుడు డాస్28 5.1 దాటితే తప్ప ఇవి ఇచ్చేవారు కాదు. 2021 నుంచి 3.2 దాటినవారికి కూడా కొన్నింటికి ఒప్పుకున్నారు. 5.4 అంటే పాత లెక్కలో చూసినా మీకు అర్హత ఉంది.

సిరిసిల్ల_సాంచా
నాకు పోయినేడు చికున్‌గున్యా వచ్చింది. అప్పటినుంచి వేళ్లు వాస్తున్నాయి. ఇది కూడా అదేనా?

గోదారిగట్టు
2005, 2006లో ఆంధ్రప్రదేశ్‌లో చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసినప్పుడు మా పెదనాన్నకు నెలల తరబడి ఇలాగే ఉంది, తర్వాత దానంతటదే పోయింది. కానీ అచ్చం కీళ్లవాతంలాగే ఉంటుంది, చూసి చెప్పలేం. యాంటీ సీసీపీ చేయించండి.

నిర్వాహకుడు
సిరిసిల్ల_సాంచా గారూ, మీ ప్రశ్నకు వేరే చర్చ తెరవండి, అక్కడ ఇంకా మంచి జవాబులు వస్తాయి. అందరికీ గుర్తుచేస్తున్నాను, ఇక్కడ మోతాదులు సూచించవద్దు. ఎవరికి వారు వాడినది చెప్పుకోవచ్చు.

పల్నాటి_పెంకె
ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. 20 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్ మాత్రలుగానే ఎందుకు? 15 దాటాక మాత్రల్లో ఉన్నది పేగులు పూర్తిగా పీల్చుకోవు. అదే మందు చర్మం కింద ఇంజెక్షన్‌గా తీసుకుంటే ఎక్కువ ఒంటికి పడుతుంది, వాంతులూ తక్కువ. నాకు మాత్రల నుంచి ఇంజెక్షన్‌కు మార్చడంతోనే పని జరిగింది, బయోలాజిక్ (అడాలిముమాబ్ లాంటి ఇంజెక్షన్) దాకా వెళ్లలేదు. ఖరీదైనదానికి ఎగబాకే ముందు చవకది సరిగ్గా వాడారా అని చూడాలి కదా.

పీజీ_గది
మంచి ప్రశ్నే. స్కోరు నాలుగు లోపు ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. కానీ ఎముక అప్పుడే అరిగింది, రెండు పరీక్షలూ పాజిటివ్, మూడు మందులు కలిపి వాడినా 5.4. ఇంకో మూడు నెలలు ప్రయోగం చేయడానికి ఆ చెయ్యి ఒప్పుకోదు.

పల్నాటి_పెంకె
ఒప్పుకోను. రెండూ ఒకేసారి చేయవచ్చు కదా? ఎలాగూ బయోలాజిక్‌తో పాటు మెథోట్రెక్సేట్ కొనసాగిస్తారు. లేకపోతే ఒళ్లు ఆ ఇంజెక్షన్‌కు ఎదురుతిరిగే ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది, మందు కొన్నాళ్లకు పనిచేయడం మానేస్తుంది. ఆ కొనసాగించేదేదో సూదిగా తీసుకోమంటున్నాను.

పీజీ_గది
దానికి అభ్యంతరం లేదు.

ముగ్గులపిల్ల
పెంకె గారూ, నాకు మాత్ర వేసుకున్న మర్నాడంతా కడుపులో తిప్పడమే. శనివారం రాత్రి వేసుకుని ఆదివారం మంచం దిగను. నాకున్న ఒక్క సెలవూ దానికే పోతోంది. ఈ మార్పు గురించి ఎవరూ చెప్పలేదు. అడుగుతాను.

మందులషాపు_మామ
ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నారా తల్లీ? మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు వదిలేసి మిగతా రోజుల్లో డాక్టరు చెప్పినట్టు. చాలామంది "విటమినే కదా" అని మానేస్తారు, కడుపులో తిప్పడం, నోటిపూత అక్కడే మొదలవుతాయి.

భీమవరం_బుల్లోడు
ఆగండాగండి. ఈ రెండు మందుల పేర్లూ ఒకే చోట వచ్చాక నేను నోరు మూసుకుని ఉండలేను. 1895లో మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఉండగా ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, ఆ ఫోలిక్ యాసిడ్‌ను ఎదిరించే మందుల్నీ తయారుచేసింది. ఆ దారిలో వచ్చిందే మెథోట్రెక్సేట్. ఆయన 1948లోనే పోయారు. కీళ్లవాతానికి ఈ మందును అమెరికాలో అధికారికంగా అనుమతించింది 1988లో. కాబట్టి శనివారం కడుపులో తిప్పించేదీ మావాడే, సోమవారం నయం చేసేదీ మావాడే.

కాకినాడ_కాజా
అన్నీ మీ జిల్లావేనా? పులస కూడా మీదేనంటారు.

డల్లాస్_దోసె
ఖర్చు గురించి ఏడ్చేవాళ్లకు చిన్న ఓదార్పు. అడాలిముమాబ్‌కు నకలు మందు మీ దగ్గర జైడస్ వాళ్లు 2014 డిసెంబరులోనే తెచ్చారు. మాకిక్కడ 2023 దాకా పేటెంట్ల అడ్డంకి. నా బీమా కంపెనీ ముందు ఫలానా మందు వాడి చూడు, అది పనిచేయకపోతేనే దీనికి ఒప్పుకుంటాం అని నెలల తరబడి తిప్పింది. ఆ నెలల్లో నా మడమ ఏమైందో వాళ్లకు పట్టలేదు.

ముగ్గులపిల్ల
ఇక్కడ బీమా ఇస్తుందా? నాన్నకు కంపెనీ పాలసీ ఉంది, నాకు విడిగా ఏమీ లేదు.

బీమా_బాబాయి
మూడు ముక్కల్లో చెబుతాను. ఇంట్లో వేసుకునే సూదికి, మాత్రకు మామూలు పాలసీలు సాధారణంగా ఇవ్వవు, ఔట్‌పేషెంట్ ఖర్చు కింద కొట్టేస్తాయి. ఆసుపత్రిలో పగటిపూట చేర్చుకుని సెలైన్‌లా ఎక్కించేవాటికి వచ్చే అవకాశం ఎక్కువ. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లను (అడాలిముమాబ్ ఈ కోవలోదే) పాలసీల నుంచి మినహాయించకూడదని చెప్పింది, కానీ పరిమితి పెట్టుకోనిచ్చింది. ఆ పరిమితి మీ పాలసీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాన్నగారిది కంపెనీ పాలసీ అయితే పిల్లలకు వయసు పరిమితి ఉంటుంది, 25 దగ్గర చాలావాటిలో తెగిపోతుంది, వెంటనే చూసుకోండి. ఇప్పుడు కొత్తగా మీ పేరు మీద తీసుకుంటే ఉన్న జబ్బుకు వేచి ఉండే కాలం గరిష్ఠంగా 36 నెలలు. 2024కు ముందు అది 48. జబ్బు దాచి పాలసీ తీసుకోకండి, సరిగ్గా కావలసినప్పుడే ఎగ్గొడతారు.

ఇద్దరాడపిల్లల_అమ్మ
నేను రాయనా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. మా పెద్దమ్మాయికి 22. నేనూ మీ అమ్మలాగే ఏడ్చాను. ఆ ఏడుపు మందు గురించి కాదమ్మా. చిన్నమాత్ర వేసుకున్నంతకాలం "కొంచెం కాళ్లనొప్పులు" అని చెప్పుకోవచ్చు. సూది ఇంట్లోకి వచ్చిందంటే జబ్బు ఉందని ఒప్పుకున్నట్టు. మీ అమ్మను ఒకసారి డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లు. నాకు ఎక్స్‌రే మీద వేలు పెట్టి చూపించినప్పుడు గానీ ఏడుపు ఆగలేదు.

సంబంధాల సంగతి. మేము మొదటి చూపుల్లోనే చెప్పేస్తున్నాం. ఇప్పటికి కొందరు వెనక్కి వెళ్లారు. వెళ్లనీ.

నల్లమల_నాగలి
చూపుల్లోనే చెప్పడం తొందర అనిపిస్తోంది. ముందు అబ్బాయి, అమ్మాయి మాట్లాడుకోవాలి, మనసులు కలిస్తే అప్పుడు అబ్బాయికి అమ్మాయే చెప్పాలి. పెద్దలందరి ముందూ రిపోర్టుల ఫైలు తెరవక్కర్లేదు.

ఇద్దరాడపిల్లల_అమ్మ
మాట ఖాయమయ్యాక చెబితే దాచారంటారు. ఆ మాట జీవితాంతం అమ్మాయే పడాలి.

కాకినాడ_కాజా
నాకు జరిగింది చెబుతాను. మేమూ చెప్పాం. అబ్బాయి కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, "ఉద్యోగం ఉంది కదా" అన్నారు. అదే మా చెల్లెలికి ఉంటే ఏమనేవారో ఊహించగలను. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు తెలియదు. పెళ్లయింది. సర్పి లేచినప్పుడు మా ఆవిడే మందు పూసింది.

థేమ్స్_తీరం
నల్లమల గారు చెప్పినట్టే నేను చేశాను. ఆయనకు నేనే చెప్పాను, ఒక కాఫీ హోటల్లో. "వారానికోసారి సూది అంటే నాకు కళ్లు తిరుగుతాయి, నేను చూడను, నువ్వే వేసుకో" అన్నాడు. ఇప్పటికీ ఆ సమయానికి గదిలోంచి వెళ్లిపోతాడు. ఒక్కమాట మాత్రం చెప్పగలను. మందు వాడి చేతులు బాగుపడ్డాక చెప్పడానికీ, వాచిన వేళ్లు కొంగు కింద దాచుకుంటూ చెప్పడానికీ చాలా తేడా ఉంటుంది.

ముగ్గులపిల్ల
అందరికీ కృతజ్ఞతలు. అమ్మను తీసుకెళ్లాను. డాక్టరు గారు ఎక్స్‌రే చూపిస్తూ మాట్లాడారు. అమ్మ ఏడవలేదు, "ఇది రెండేళ్ల కిందట ఎందుకు చెప్పలేదు?" అని ఆయన్నే నిలదీసింది. మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌గా మార్చడానికి ఒప్పుకున్నారు. ప్రెడ్నిసొలోన్ మెల్లగా తగ్గించే చీటీ రాశారు. అడాలిముమాబ్ అనుకున్నాం.

కానీ క్వాంటిఫెరాన్ పాజిటివ్ వచ్చింది. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, దగ్గు, జ్వరం లేవు. ఇప్పుడు క్షయ మందులంటున్నారు. ఇంట్లో మళ్లీ మొదటికొచ్చింది.

సందేహాల_సుబ్బు
చెప్పానా? ఒక మందు కోసం ఇంకో మందు.

గోదారిగట్టు
నాకూ పాజిటివ్ వచ్చింది. అది క్షయ జబ్బు కాదు, నిద్రపోతున్న క్రిమి. మీ నుంచి ఎవరికీ అంటదు, బడికి వెళ్లవచ్చు, కంచం వేరు చేయాల్సిన పని లేదు. ఇంట్లో ఈ మాట ముందు చెప్పండి.

భీమవరం_బుల్లోడు
చిన్నప్పుడు వేసిన బీసీజీ వల్ల పాజిటివ్ వచ్చి ఉండవచ్చు కదా? మా చెల్లెలికి చెయ్యి ఇంత వాచింది, టీకా వల్లే అని వదిలేశారు.

పీజీ_గది
అది మాంటూ. చర్మం మీద చేసేది బీసీజీ వల్ల కూడా వాయవచ్చు. క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష, దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు. కాబట్టి దీన్ని పట్టించుకోవాల్సిందే.

ముగ్గులపిల్ల గారూ, నివారణ మందు కనీసం ఒక నెల వాడాక అడాలిముమాబ్ మొదలుపెట్టవచ్చు, కోర్సు మొత్తం అయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఐసోనియాజిడ్ ఆరు నెలలు ఇవ్వవచ్చు, లేదా రిఫాపెంటిన్‌తో కలిపి వారానికోసారి చొప్పున మూడు నెలలు. మీరు టోఫాసిటినిబ్ ఎంచుకోకపోవడం ఇక్కడ కలిసొచ్చింది. రిఫాపెంటిన్ లాంటి రిఫాంపిసిన్ జాతి మందులు దాన్ని ఒంట్లో నిలవనివ్వవు. ఒకటే జాగ్రత్త, ఐసోనియాజిడ్, మెథోట్రెక్సేట్ రెండూ కాలేయం మీద భారం వేసేవే. కాలేయం పరీక్ష ఎస్‌జీపీటీ మామూలు కంటే తరచుగా చేయించుకోండి. కళ్లు పచ్చబడినా, ఆకలి చచ్చిపోయినా ఆగకుండా వెళ్లండి. ఐసోనియాజిడ్‌తో పాటు బీ6 ఇస్తారు, అరికాళ్ల తిమ్మిరి రాకుండా.

కాకినాడ_కాజా
ఈ ఆగే నెలను టీకాలకు వాడుకోండి. ఫ్లూ, న్యుమోనియా, హెపటైటిస్ బి. నాకు మందు మొదలయ్యాక గుర్తొచ్చి పరిగెత్తించారు. మొదలయ్యాక జ్వరం వస్తే ఆ విడత సూది వేసుకోకుండా ముందు డాక్టరుకు ఫోను చేయాలి. డెంగీ రోజుల్లో ఇది మరీ ముఖ్యం.

ముగ్గులపిల్ల
నిన్న రాత్రి మొదటి ఐసోనియాజిడ్ వేసుకున్నాను. అమ్మ ఫ్రిజ్‌లో పైఅర ఖాళీ చేసింది, ఇంకా నెల ఉంది అన్నా వినలేదు. మేనత్త మాత్రం మాట్లాడటం లేదు. ఇంకో సందేహం. దసరాకు తిరుపతి వెళ్తాం, రైల్లో రాత్రంతా. అప్పటికి సూదులు మొదలైతే ఎలా తీసుకెళ్లాలి?

మందులషాపు_మామ
చల్లబెట్టే సంచి, అందులో గడ్డకట్టిన జెల్ ప్యాకు. సూది పెట్టె నేరుగా దానికి ఆనకూడదు, మధ్యలో తువ్వాలు మడిచి పెట్టండి. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. అందుకే కూల్‌డ్రింకుల వాడి మంచుపెట్టెలో పెట్టించకండి. బయట ఎంతసేపు ఉండవచ్చో పెట్టెలోని కాగితంలో ఉంటుంది, కంపెనీ కంపెనీకి తేడా. అసలు రెండు వారాల మధ్యలో ప్రయాణం పెట్టుకుంటే ఈ తిప్పలే ఉండవు.

సందేహాల_సుబ్బు
నమస్కారం. ఖాతా ఆయనదే, రాస్తున్నది నేను, ఆయన భార్యను. ఫోను టేబుల్ మీద వదిలి వాకింగుకు వెళ్లారు. ఈ చర్చంతా ఇప్పుడే చదివాను. ఆ శొంఠి కషాయంతో సగం తగ్గిందని ఆయన అనుకుంటున్న కాలమంతా నేను బుధవారం బుధవారం మెథోట్రెక్సేట్ వేసుకుంటూనే ఉన్నాను. కషాయం కూడా తాగాను, మనశ్శాంతికి. వంకాయ ఆయన ఊరెళ్లినప్పుడు వండుకుంటాను.

పల్నాటి_పెంకె గారూ, మీరు చెప్పిన మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ నేనూ అడుగుదామనుకుంటున్నాను. గురువారం పొద్దున ఏమీ తినలేకపోతున్నాను. దాన్ని కూడా ఫ్రిజ్‌లోనే పెట్టాలా?

పల్నాటి_పెంకె
అక్కర్లేదమ్మా. 25 డిగ్రీల లోపు, వెలుతురు తగలకుండా ఉంటే చాలు. నేను చీరల బీరువాలో పెడతాను.

మందులషాపు_మామ
వాడిన సూదులు చెత్తబుట్టలో వేయకండి, మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో వేసి నిండాక ఆసుపత్రిలో ఇవ్వండి. మున్సిపాలిటీ పిల్లలకు గుచ్చుకుంటాయి. ఆయనకు ఈ పోస్టు చూపిస్తారా, చెరిపేస్తారా?

సందేహాల_సుబ్బు
చెరపడం ఎలాగో నాకు తెలియదు. ఉండనివ్వండి.